బందరు రమ్మన్నది ఎవరు?

విజయవాడ పటమట నుంచి ఒక పెద్దాయన ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆయనకు 66 ఏళ్లు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మూడేళ్ల క్రితం భార్య పోయారు. అప్పటి నుంచి కొడుకు, కోడలు, నాలుగో తరగతి చదివే మనవడితో కలిసి ఉంటున్నారు. ఉదయం మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించడం, సాయంత్రం దింపుకుని రావడం ఆయన పని. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనరు, వేళకు అన్నీ అమరుతాయి. అయితే పగలంతా నోరు విప్పి మాట్లాడే మనిషి ఉండరు.

కాలేజీ రోజుల మిత్రుడు ఒకాయన బందరులో ఉంటారు. మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెంకుటిల్లు, వెనక నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు, ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే. గత ఏడాది డిసెంబరు 20న నాలుగు రోజులు ఉండి వద్దామని వెళ్లిన మన పాఠకుడు జనవరి 10 వరకు ఉండిపోయారు. ఆ రోజుల గురించి ఆయన మాటల్లోనే చదవండి: "అయిదింటికల్లా కాఫీ. తర్వాత వాడి స్కూటరు మీద మంగినపూడి సముద్రపు ఒడ్డుకు. మంచు ఎంత దట్టంగా ఉండేదంటే ముందు వెళ్లే పాల బండి కనిపించేది కాదు, క్యానుల చప్పుడు మాత్రం వినిపించేది. ఒడ్డున నల్లటి ఇసుక చల్లగా కాళ్లకు అంటుకునేది. పొద్దు పొడిచేదాకా ఇద్దరమూ ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. వచ్చేటప్పుడు గిలకలదిండి చేపల రేవుకు వెళ్లి రొయ్యలో, చందువాలో కొనేవాళ్లం. మధ్యాహ్నం పులుసన్నం తిని అరుగు మీద పడక కుర్చీలో కునుకు. నాలుగింటికి మళ్లీ కాఫీ. నా భార్య పోయాక నేను కంటినిండా నిద్రపోయింది ఆ 22 రోజులే."

ఇక చిక్కులు. జనవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆయన మంచినీళ్ల కోసం లోపలికి వెళితే, మిత్రుడి భార్య పెరటి మెట్టు మీద కూర్చుని ఫోనులో అక్కగారితో మాట్లాడుతున్నారు. "రెండేళ్లయింది నేను మీ ఇంటికి వచ్చి. ఎలా రానక్కా? పొద్దున లేచింది మొదలు పొయ్యి మీద నుంచి గిన్నె దించే వీలే లేదు, నడుము పట్టేసింది" అంటున్నారట. ఈయన నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చేశారు. నాలుగు రోజుల తర్వాత బయల్దేరుతుంటే అదే మనిషి, ఇంట్లో చేసిన తొక్కుడు లడ్డు డబ్బాలో పెట్టి ఇచ్చి, "మళ్లీ ఏడాది తప్పకుండా రండి అన్నయ్యగారూ" అన్నారు. దేవుడి పటం దగ్గర ఈయన పెట్టి వచ్చిన 5,000 రూపాయల కవరును మిత్రుడు బస్టాండు దాకా తెచ్చి జేబులో కుక్కి, "స్నేహానికి వెల కడతావట్రా" అని వారం రోజులు ఫోను చేయలేదు. ఇంటికి వచ్చాక కోడలు నవ్వుతూనే "మావయ్యగారికి మా ఇంటికన్నా బందరే బాగున్నట్టుంది" అన్నారు. కొడుకైతే సూటిగా, "పరాయి ఇంట్లో వారాల తరబడి ఉంటే మేము చూడటం లేదని అనుకోరా నాన్నా" అన్నారు.

ఇప్పుడు మిత్రుడు మళ్లీ పిలుస్తున్నారు. ధనుర్మాసం మొదలైన రోజు వచ్చి భోగి దాకా, నెల రోజులూ ఉండాలట. "వెళ్లాలా, మానాలా? మా చెల్లెమ్మ ఫోనులో అన్న మాట నమ్మాలా, గుమ్మంలో అన్న మాట నమ్మాలా?" ఇదీ ఆయన ప్రశ్న.

నమస్కారమండీ.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకూ మంగినపూడి వెళ్లాలనిపించింది. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. మీ మిత్రుడి మాట వచ్చిన చోటల్లా ఒక గీత, ఆయన భార్య మాట వచ్చిన చోటల్లా రెండు గీతలు పెట్టుకుంటూ పోయాను. మీ మిత్రుడు స్కూటరు మీద ఉన్నారు, ఒడ్డున ఉన్నారు, అరుగు మీద ఉన్నారు, మాట్లాడుతున్నారు, అలుగుతున్నారు. ఆవిడ కాఫీతో ఉన్నారు, పులుసుతో ఉన్నారు, మీ స్నానానికి కాచిన వేడినీళ్లతో ఉన్నారు. ఏడు పేజీల్లో ఆవిడ తన గురించి తాను చెప్పుకున్నది రెండే చోట్ల. ఒకటి ఆ ఫోను. రెండోది మీరు నాలుగో పేజీ చివర ఏదో గుర్తొచ్చినట్టు రాసి వదిలేసిన వాక్యం: "మా చెల్లెమ్మ ఏటా ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడికి వెళ్లి తిరుప్పావై వింటుందట, ఈసారి వీలు కాలేదంది. ఆ నెల నీచు ముట్టదు, అయినా మాకు వండి పెట్టేది."

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తిరుప్పావై పాశురాలు 30. నెల రోజులకు రోజుకొకటి. ఒక రోజు తప్పితే ఆ రోజు పాశురం మళ్లీ వచ్చే ఏడాదే. గుడిలో పాశురం చదివే వేళ, మీకు కాఫీ అందే వేళ ఒకటే. మీరు బందరులో ఉన్నన్ని ఉదయాలూ ఆవిడ గుడికి వెళ్లలేదు. ఆ 22 రోజులూ తాను ముట్టని రొయ్యలను తన చేత్తో ఒలిచి మీకు వండారు. రొయ్యలు ఒలవడం మీరెప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? తల తీసి, పెంకు లాగి, వీపున నల్లటి నరం ఒక్కొక్కదానికీ తీయాలి. కిలో రొయ్యలకు ముప్పావు గంట పడుతుంది. చలిలో, నూతి నీళ్లలో. తర్వాత ఆ వాసన చేతికి వదలదు, పసుపు రాసుకుని మళ్లీ స్నానం చేస్తే తప్ప దేవుడి దగ్గర దీపం పెట్టడానికి మనసొప్పదు. మీరిద్దరూ సంచి నిండా రొయ్యలు తెచ్చి ఆమె చేతికిచ్చినప్పుడు కానుక తెచ్చామనే అనుకుని ఉంటారు. ఆమెకు మాత్రం అది మధ్యాహ్నం దాకా పని.

మీ మీద తప్పు మోపాలని ఇది రాయడం లేదు. తప్పుగా అనుకునే మనిషే అయితే మీరు ఆ ఫోను సంగతి నాకు రాసేవారే కాదు. పది నెలలు ఆ మాటను మోశారు. నీళ్లు తాగకుండా వెనక్కి తిరిగిన మనిషి మీరు, అది నాకు బాగా నచ్చింది. ఆ సున్నితత్వమే ఇప్పుడు మీకు పనికొస్తుంది.

మీరు అడిగిన దాని దగ్గరకు వస్తాను. ఏ మాట నమ్మాలి? రెండూ నమ్మండి. తొక్కుడు లడ్డు ఎలా చేస్తారో తెలుసు కదా. శనగపిండి పూస వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం పట్టి, మళ్లీ దంచి, అప్పుడు చుట్టాలి. బందరులో ఏ వీధికి వెళ్లినా డబ్బు పెడితే దొరికే వస్తువు అది. నడుము పట్టేసిన మనిషి, కొనగలిగి కూడా ఇంట్లో చేసి ఇచ్చారంటే మీరంటే ఆమెకు విసుగు లేదు. నిజంగా మిమ్మల్ని అన్నగారిలాగే చూస్తున్నారు. అదే సమయంలో ఆమె అలసిపోయారు, అక్కగారిని చూడాలని ఉంది, గుడి తప్పినందుకు మనసు చివుక్కుమంటోంది. అభిమానం ఉన్న చోట అలసట ఉండదని మగవాళ్లు అనుకుంటారు గానీ, మా ఆడవాళ్లకు ఆ రెండూ ఒకే కొంగుకు ముడి వేసి ఉంటాయి. గుమ్మంలో ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఫోనులో మిమ్మల్ని నిందించనూ లేదు. మీరు రాసిన ఆ మాటలే మళ్లీ చదవండి. అందులో మీ పేరే లేదు.

నేను పుట్టి పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. మా నాన్నగారికి స్నేహితులెక్కువ. చలికాలం వచ్చిందంటే ఎవరో ఒకరు దిగేవారు. ఎవరు వస్తున్నారని ఉత్తరం వచ్చినా అమ్మ "రానివ్వండి" అనే అనేది, కానీ ఆ మాట పలికే తీరులో తేడా ఉండేదని నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. ఒక్కరి విషయంలో మాత్రం అమ్మ ముఖం వికసించేది. రేపల్లె వైపు నుంచి వచ్చే ఒక గుమస్తా గారు. ఆయన లేవగానే తన పక్క తానే చుట్టి మూల పెట్టేవారు. కూరగాయల బుట్ట, కత్తిపీట తెచ్చుకుని అమ్మకు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వాళ్ల ఊరి సంగతులు అమ్మకు చెప్పేవారు. నాన్నకు కాదు, అమ్మకు. వచ్చిన రోజే "బుధవారం పొద్దున బండికి వెళతానమ్మా" అని చెప్పేవారు. అలాగే బుధవారం వెళ్లేవారు. ఆయన పోయారని తెలిసిన రోజు అమ్మ వంట చేయలేదు.

మీరు నాలుగు రోజులని వెళ్లి 22 రోజులు ఉన్నారు. అందులో ప్రేమ ఉంది, ఒప్పుకుంటాను. అయితే ఎన్ని రోజులో తెలియని అతిథికి వండటం, తెలిసిన అతిథికి వండటం ఒకటి కాదు. రేపు వెళతారో, ఎల్లుండి వెళతారో తెలియనప్పుడు ఇంటి ఇల్లాలు తన పని ఒక్కటీ తలపెట్టలేదు. అక్క ఊరికి బస్సు ఎక్కలేదు. ఆవిడ నడుముకు బరువైంది మీ భోజనం కన్నా ఈ తెలియకపోవడమే అని నాకు అనిపిస్తోంది.

ఇంకొకటి చెప్పాలి. ఎలా చెప్పాలా అని ఆలోచించాను. తెల్లవారుజామున చీకట్లో లేవగానే వంటింట్లో దీపం, డికాషను వాసన, ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించి "ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు" అని రాశారు. ఆ తర్వాత వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినది చదవడానికి నేను ప్రయత్నించలేదు. చదవకపోయినా తెలుస్తుంది. మీకు ఆ నిద్ర ఇచ్చింది సముద్రం ఒక్కటే కాదు. ఒక ఇల్లాలు తిరుగుతున్న ఇంట్లో మళ్లీ 22 రోజులు ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ చప్పుడు మధ్య నిద్రలేచిన మనిషికి, అది ఆగిపోయాక ఎక్కడ ఉన్నా పరాయి చోటులాగే ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆ చప్పుడు చేసేది ఇంకొకరి ఇల్లాలు, ఆమెకూ 60 దాటాయి. ఇది మనసులో ఉంటే మీరు బందరు వెళ్లినా మీ చేతులు వేరుగా పనిచేస్తాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మిత్రుడు పిలిచినట్టే ధనుర్మాసం అంతా వెళ్లి ఉండవచ్చు. ఆయన పొంగిపోతారు. మొదటి వారం మీకూ హాయిగానే ఉంటుంది. తర్వాత పెరట్లో ఫోను మోగిన ప్రతిసారీ మీ చెవులు అటే ఉంటాయి. ఆవిడకు ఇంకో ఏడాది పాశురాలు పోతాయి. ఆమె పైకి ఏమీ అనరు, వచ్చే ఏడాది కూడా రమ్మనే అంటారు. అందుకే ఈ దారి నాకు భయంగా ఉంది. అడ్డు చెప్పే మనిషి లేని చోట, మనంతట మనం ఆగాలి.

పూర్తిగా మానేయవచ్చు. ఏదో వంక చెప్పి, "ఈసారి కుదరదురా" అనవచ్చు. చూడటానికి ఇది మర్యాదగానే ఉంటుంది, కానీ అందరికన్నా ఎక్కువ నష్టం దీనిలోనే ఉంది. మీరు కవరు సంగతి మనసులో పెట్టుకున్నారని మీ మిత్రుడు అనుకుంటారు. ఆవిడ తన వల్లే ఏదో లోపం జరిగిందనుకుంటారు. మీరు పటమటలో కిటికీ దగ్గర కూర్చుంటారు. 66 ఏళ్ల వయసులో, పక్కన కూర్చుని పొద్దు పొడిచేదాకా మాట్లాడకుండా ఉండగలిగే స్నేహితుడు ఉన్నాడంటే అది మాటలు కాదు. దాన్ని వంకలతో పోగొట్టుకోకండి.

మూడో దారి, కాలం మార్చడం. ధనుర్మాసం ఆవిడకు వదిలేయండి. సంక్రాంతి మీ మనవడితో చేసుకుని, కనుమ దాటాక, జనవరి ఆఖరి వారంలో బయల్దేరండి. అప్పటికీ బందరులో పొద్దునపూట దుప్పటి కప్పుకునే చలి ఉంటుంది. దారి పొడవునా కోతలు అయిపోయి మినుము, పెసర పచ్చగా పరుచుకుని ఉంటాయి. తేగలు వస్తాయి. వాయుగుండాల బెడద కూడా దాదాపు తీరిపోతుంది. 2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న కదా, ఆ వారం కృష్ణా డెల్టాలో కోసిన వరి పనలు నీళ్లలో తేలడం మీరూ చూసే ఉంటారు. మాఘంలో సముద్ర స్నానం మంచిదని మన పెద్దల నమ్మకం, అదీ కలిసివస్తుంది. ఇక్కడ ఇబ్బంది ఒక్కటే. పండుగ సెలవులు అయిపోయి స్కూలు నడుస్తుంది, మనవణ్ణి దింపుకునే వాళ్లు కావాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

నాలుగోది, అక్కడే ఒక గది అద్దెకు తీసుకోవడం. నెల రోజులకు చిన్న వాటా ఏదైనా దొరకవచ్చు. అన్నం మీరే వండుకుని, కూరలు కర్రీ పాయింటులో తెచ్చుకుని, పొద్దున సముద్రానికి, సాయంత్రం అరుగు మీదికి మిత్రుడి దగ్గరకు వెళ్లవచ్చు. నెల రోజులే ఉండాలని మీ మనసుకు గట్టిగా ఉంటే ఇది ఒక్కటే న్యాయమైన దారి. మీ మిత్రుడు మాత్రం మండిపడతారు. కవరుకే వారం అలిగిన మనిషి, మీరు బందరులో ఇంకో ఇంట్లో దిగితే ఊరుకుంటారా? "మా ఇల్లు చేదైందా" అంటారు. ఆ కోపం తట్టుకోగలిగితేనే ఈ దారి పట్టండి. ఒంటరి గదిలో రాత్రులు మీకు ఎలా గడుస్తాయో కూడా ఒకసారి ఆలోచించుకోండి. మీరు వెళ్లేదే ఒంటరితనం తప్పించుకోవడానికి.

ఇక అయిదోది. ఇది రాయడానికి నాకు ఉత్సాహంగా ఉంది. మీరు వెళ్లే రోజులే ఆవిడకు సెలవు రోజులు కావాలి. రెండేళ్లుగా చూడని అక్కగారి ఇంటికి ఆవిడ వారం రోజులు వెళతారు, ఆ వారం ఇంట్లో మీరిద్దరే ఉంటారు. ఆవిడ బస్సు ఎక్కాల్సిన రోజుకు ముందు రోజు మీరు దిగండి. తిరిగి వచ్చాక రెండు రోజులు ఉండి, మీ చేత్తో ఒక పూట వండిపెట్టి రండి. మొత్తం పది రోజులు. మీ మిత్రుడికి పొయ్యి వెలిగించడం కూడా రాకపోవచ్చు. మీకు అన్నం, చారు, కోడిగుడ్డు పొరటు వచ్చని ఉత్తరంలోనే రాశారు, ఇద్దరికి అది చాలు. ఇల్లు కొంచెం చిందరవందర అవుతుంది, పాలు ఒకటి రెండుసార్లు పొంగుతాయి. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. తన ఇంట్లోంచి తనను పంపించేస్తున్నారని ఆవిడకు అనిపించకూడదు. చాలామంది ఆడవాళ్లకు తమ వంటిల్లు ఇంకొకరి చేతిలో పెట్టడం కష్టం. వెళ్లనంటే బలవంతం చేయకండి. అప్పుడు పది రోజుల మాట అలాగే ఉంచి, పనికి మనిషిని పెట్టించే ఏర్పాటు చేయండి.

నన్ను అడిగితే మూడు, అయిదు కలిపి చూడమంటాను. బందరు మీకు 70 కిలోమీటర్లు. బందరు రోడ్డు మీ పటమట పక్కనుంచే వెళుతుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటితే రెండు గంటల్లో అక్కడుంటారు. ఇంత దగ్గర ఉన్నప్పుడు అంతా ఒక్కసారే ఉండాలనేముంది? మాఘంలో పది రోజులు, మళ్లీ కార్తికంలో ఒక వారం వెళ్లండి. ఎదురుచూడటానికి ఏడాదికి రెండు తేదీలుంటాయి.

ఏ దారి పట్టినా, ముందు ఆవిడను అడగాలి. ఇంతవరకు మిమ్మల్ని పిలిచింది మీ మిత్రుడు. వండింది ఆవిడ. ఆవిడకే నేరుగా ఫోను చేయండి, మిత్రుడు బజారుకు వెళ్లే వేళ చూసి చేయండి. చాటుగా చేసినట్టు ఉండకుండా, "చెల్లెమ్మతో మాట్లాడాలిరా" అని ముందే ఆయనకు చెప్పండి. "నేను వస్తే మీకు ఇబ్బందా అమ్మా" అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు మన ఇళ్లలో ఒకటే జవాబు ఉంది: "అయ్యో, ఇబ్బందేముంది అన్నయ్యగారూ." అక్కడితో తలుపు మూసుకుపోతుంది. అలా కాకుండా ఇలా అనండి: "చెల్లెమ్మా, ఈసారి ధనుర్మాసం నీ గుడి నీది, నేను పండుగ అయ్యాకే వస్తాను. పది రోజులుంటాను. మీ అక్కగారింటికి ఎప్పుడు వెళ్లాలనుకుంటున్నావో చెప్పు, ఆ తేదీ చూసుకుని వస్తాను. మేమిద్దరం వండుకుంటాం." మీరు ముందే సగం నిర్ణయించి చెబితే, మిగతా సగం చెప్పడానికి ఆమెకు చనువు వస్తుంది. ఆమె వెంటనే ఒప్పుకోకపోతే "రెండు రోజులు ఆలోచించు తల్లీ" అని పెట్టేయండి.

ఫోనులో విన్న మాట మాత్రం ఎన్నటికీ బయటపెట్టవద్దు. ఆవిడ దగ్గరా వద్దు, మీ మిత్రుడి దగ్గర అసలే వద్దు. మంచి ఉద్దేశంతో "నీ భార్య అలసిపోతోందిరా, నేను విన్నాను" అన్నా, ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. అక్కాచెల్లెళ్లు చెప్పుకున్న మాట వాళ్లిద్దరిదే. అది మీకు దారి చూపించింది, అంతవరకు చాలు.

డబ్బు సంగతి. కవరు వెనక్కి వచ్చినందుకు మీరు బాధపడ్డారు, ఆయన అలిగారు. ఇద్దరూ ఆ 5,000 రూపాయల చుట్టూనే తిరిగారు గానీ, ఆ డబ్బుతో ఆవిడ పని ఒక్క గిన్నె కూడా తగ్గదు. ఈసారి కవర్లు వద్దు. వెళ్లేటప్పుడు ఒక బస్తా మంచి బియ్యం వేయించండి. మీరున్నన్ని రోజులూ అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషికి జీతం మీరే ఇచ్చుకోండి. "నా గిన్నెలు నేను తోమించుకుంటున్నాను, ఇందులో నీ స్నేహానికి వెల ఏముంది" అంటే మీ మిత్రుడికి జవాబు దొరకదు. సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే వస్తున్నారు కాబట్టి, ఆవిడకు అన్నగారి తరఫున ఒక చీర పెట్టండి. దాన్ని తిప్పి పంపే హక్కు మీ మిత్రుడికి లేదు.

ఇక మీ ఇంటి విషయం. మీ అబ్బాయి అన్న "పరాయి ఇల్లు" మాటలో నాకు కోపం కన్నా భయం ఎక్కువ వినిపించింది. తల్లి పోయిన మూడేళ్లకే తండ్రి కూడా ఇంకెక్కడో తేలికగా ఊపిరి తీసుకుంటున్నాడంటే, కొడుక్కి ఎక్కడో గుచ్చుకుంటుంది. "మీ ఇంట్లో నాకేం తక్కువైంది" అన్న లెక్కలోకి దిగకండి, అందులో ఎవరూ గెలవరు. నాలుగు రోజులని చెప్పి 22 రోజులు ఉండటం వాళ్లకూ ఇబ్బందే అయ్యింది. సాయంత్రం పిల్లవాణ్ణి దింపుకోవడానికి మీ అబ్బాయి ఆఫీసు నుంచి ఎన్ని రోజులు పరుగెత్తుకొచ్చారో మీరు రాయలేదు, అడిగి ఉండరు. ఈసారి రెండు నెలల ముందే క్యాలెండరు మీద రెండు తేదీలు గుండ్రంగా చుట్టి, "ఈ పది రోజులు వీణ్ణి ఎవరు దింపుకుంటారో ముందే చూద్దాం" అని మీరే కూర్చోబెట్టండి. అపార్ట్‌మెంటులో అదే బస్సుకు వచ్చే పిల్లలు ఎవరో ఉంటారు. వాళ్ల పెద్దవాళ్లతో మీరే మాట్లాడి, తిరిగి వచ్చాక వాళ్ల పిల్లవాణ్ణి కొన్నాళ్లు మీరు దింపుకుంటానని చెప్పండి. తారీఖులు తెలిసిన ప్రయాణాన్ని ఇంట్లో ఎవరూ అంతగా తప్పుపట్టరు. వీలైతే ఒక ఆదివారం వాళ్లనూ బందరు రమ్మనండి, మంగినపూడిలో పగలు గడిపి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేలా. ఆ రోజు భోజనం బయటే. మీ మిత్రుణ్ణి అరుగు మీద ఒకసారి చూస్తే మీ అబ్బాయికి ఆ ఇల్లు అంత పరాయిగా తోచదు.

మీ కోడలి మాట గురించి ఒక్కటి. ఆ అమ్మాయి నవ్వుతూ అన్నదని రాశారు. వేళకు అన్నీ అమరుతాయని కూడా రాశారు. అమర్చేది ఎవరు? రేపటి నుంచి పొద్దున మీ కాఫీ మీరు కలుపుకోండి, ఆ అమ్మాయికీ ఒక కప్పు ఇవ్వండి. డికాషను రాత్రే వేసి ఉంచితే పది నిమిషాల పని. మొదట్లో ఆ అమ్మాయి కంగారు పడుతుంది, "మీరెందుకు మావయ్యగారూ" అంటుంది. పది రోజులు పోతే ఆ కాఫీ తాగే వేళకు మీ ఇద్దరి మధ్య నాలుగు మాటలు మొదలవుతాయి. పగలంతా మాట్లాడే మనిషి లేరన్నారు కదా. బందరు వెళ్లే నాటికి మీ చేతికి అలవాటు కూడా అవుతుంది.

చివరగా, గిలకలదిండి వెళ్లవద్దని నేను అనను. రేవులో పడవలు దిగే వేళ అక్కడ నిలబడటం మీకు ఎంత ఇష్టమో చదివాను. రొయ్యలు కొన్నప్పుడు అక్కడే నాలుగు డబ్బులు ఎక్కువిస్తే ఒలిచి, కడిగి ఇచ్చేవాళ్లు ఉంటారు. ఒలిపించుకుని ఇంటికి తీసుకెళ్లండి. వండేది కూడా మీరే. వెళ్లి వచ్చాక మీ చెల్లెమ్మగారు వాళ్ల అక్కగారింట్లో ఎన్ని రోజులున్నారో నాకు రాయండి.